మార్కెట్ కుప్పకూలింది.. సంస్కరణలకు బ్రేకేనా?

(హైదరాబాద్ స్టూడియో, లోక్‌సభ ఎన్నికల ఫలితాలు వచ్చిన 2024 జూన్ 4 రాత్రి చర్చ. నలుగురికీ సమాన సమయం అని యాంకర్ ముందే చెప్పారు. ఎలా సాగిందో మీరే చదవండి.)

యాంకర్: సెన్సెక్స్ ఒక్కరోజే 4,389 పాయింట్లు పడింది. బీజేపీ మెజారిటీకి కావాల్సిన 272 అందుకోక 240 దగ్గర ఆగింది. టీడీపీకి 16. అంటే చంద్రబాబు గారు మళ్లీ చక్రం తిప్పబోతున్నారా?

బ్రోకర్: నిన్న ఎగ్జిట్ పోల్స్ చూసి 2,500 పాయింట్లు పెరిగిందండీ. ఆ ఊపులో కొన్నవాళ్లే ఇవాళ...

వామపక్ష నేత: ఆగండి సార్! 2004 మే 17న 564 పాయింట్లు పడితే ప్రభుత్వ సంస్థల వాటాల అమ్మకం వద్దన్న మా సీపీఐ నేత బర్దన్ గారి మాట వల్లే అన్నారు. ట్రేడింగ్ రెండుసార్లు ఆపారు. మరి ఇవాళ ఎవరి మాట వల్ల పడింది?

బీజేపీ ప్రతినిధి: అది 11 శాతం. ఇది 6 కూడా కాదు. పోలికేంటి?

వామపక్ష నేత: శాతాలెందుకు? మా మద్దతుతో ప్రభుత్వం నడిచినప్పుడే సెన్సెక్స్ 4,500 నుంచి 21,000కి పోయింది!

ప్రొఫెసర్: అప్పుడు ప్రపంచ మార్కెట్లన్నీ పెరిగాయి. ఇవాళ గట్టిగా దెబ్బతిన్నవి ప్రభుత్వ బ్యాంకులు, ప్రభుత్వ రంగ షేర్లు. అంటే మదుపరుల భయం...

యాంకర్: అందుకే అడుగుతున్నా, బాబు గారు చక్రం తిప్పుతారా?

ప్రొఫెసర్: 1999లో 29 మంది ఎంపీలతో వాజపేయికి బయటి నుంచి మద్దతిచ్చారు. సంస్కరణలు ఆగలేదుగా.

వామపక్ష నేత: ఆగలేదు, అమ్మేశారు! 2001లో ప్రభుత్వ అల్యూమినియం కంపెనీ బాల్కో పోయింది. విశాఖ ఉక్కు సంగతేంటి? నూరు శాతం వాటా వదులుకుంటామని 2021 జనవరిలో కేంద్రం నిర్ణయించింది. టీడీపీ ఒప్పుకోమంది. ఇప్పుడు ఒకే కూటమి. ఎవరి మాట నెగ్గుతుంది?

బీజేపీ ప్రతినిధి: ఇవాళ చర్చ మార్కెట్ మీద...

వామపక్ష నేత: ఉక్కు అమ్మడం మార్కెట్ కాదా?

(ఇద్దరూ ఒకేసారి అరిచారు. కాసేపు ఏమీ వినపడలేదు.)

బ్రోకర్: పొద్దుట్నుంచీ ఒకటే ఫోన్లు సార్. అమ్మాలా, ఉంచాలా అని జనం టెన్షన్ పడుతున్నారు. అప్పు చేసి ఫ్యూచర్స్ (రేపటి ధరల మీద పందెం లాంటి కాంట్రాక్టులు) ఆడినవాళ్ల సంగతి వేరు, నెలనెలా మ్యూచువల్ ఫండ్లలో సిప్‌లు కట్టేవాళ్లు మాత్రం...

వామపక్ష నేత: జూన్ 4కి ముందే కొనుక్కోమని అమిత్ షాయే చెప్పారుగా! ఆయన్నే అడగమనండి.

బీజేపీ ప్రతినిధి: ఏ సందర్భంలో అన్నారో...

వామపక్ష నేత: సందర్భం జనానికి తెలుసు!

యాంకర్: ప్రొఫెసర్ గారూ, ఒక్క ముక్కలో, చక్రం..?

ప్రొఫెసర్: ఒక్క ముక్కలో కుదరదండీ. భూమి, కార్మిక చట్టాలైతే...

వామపక్ష నేత: కార్మిక చట్టాలు నేను చెప్తా!

యాంకర్: చిన్న బ్రేక్. తర్వాత కార్మిక చట్టాలపై ఆయనే మాట్లాడతారు.