అమీను వస్తే ఏవి తీసుకెళ్ళొచ్చు, ఏవి ముట్టుకోకూడదు: విశాఖ శ్రోతల ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ రోజు అంశం అప్పు, డిక్రీ, జప్తు. డిక్రీ అంటే బాకీ కట్టమని కోర్టు ఇచ్చే తీర్పు, దాని కోసం ఆస్తిని స్వాధీనం చేసుకోవడం జప్తు, అందుకు ఇంటికి వచ్చే కోర్టు ఉద్యోగి అమీను. సివిల్ కోర్టుల్లో డిక్రీల అమలు కేసులు చూసే న్యాయవాది గారు మనతో ఉన్నారు. మొదటి కాల్ గాజువాక నుంచి. చెప్పండమ్మా.

కాలర్: నమస్కారమండి. మా ఆయన నాలుగేళ్ళ కిందట ప్రోనోటు రాసి రెండు లక్షలు తెచ్చారండి, మా ఆడపడుచు పెళ్ళికి. కొన్నాళ్ళు వడ్డీ కట్టాం. తర్వాత పని సరిగా దొరక్క ఆగిపోయింది. వాళ్ళు కేసు వేశారంట. మొన్న కోర్టు అమీను వచ్చారు, మేం ఇంట్లో లేం. మళ్ళీ వస్తామని పక్కింట్లో చెప్పి వెళ్ళారు. నా మెళ్ళో తాళి కూడా తీసుకుంటారని అందరూ అంటున్నారండి. తీసుకుంటారా?

న్యాయవాది: తీసుకోరమ్మా. ముందు ఆ భయం వదలండి. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్‌లో జప్తు చేయకూడని వాటి పట్టిక ఉంది. కట్టుకునే బట్టలు, వంట పాత్రలు, మంచాలు, పరుపులు, దుప్పట్లు, మత ఆచారం ప్రకారం ఆడవాళ్ళు ఒంటి మీద నుంచి తీయకూడని ఆభరణాలు, ఇవన్నీ అందులో ఉన్నాయి. సరే, కోర్టు నుంచి ఇంతకు ముందు కాగితాలు ఏమైనా వచ్చాయా?

కాలర్: రిజిస్టర్ పోస్టు రెండు సార్లు వచ్చిందండి. తీసుకుంటే ఇరుక్కుంటామని మా ఆయన వెనక్కి పంపేశారు.

న్యాయవాది: అదే చేయకూడనిది. వినేవాళ్ళందరికీ చెబుతున్నాను, కోర్టు కాగితం వెనక్కి పంపకండి. తీసుకోనంటే అందినట్టే లెక్క. మీరు రాకపోతే కోర్టు మీ మాట వినకుండానే డిక్రీ, అంటే ఎక్స్‌పార్టీ డిక్రీ, ఇచ్చేస్తుంది. దాన్ని రద్దు చేయమని అడగడానికి గడువు 30 రోజులే. అది దాటితే ఆలస్యం ఎందుకైందో నమ్మేలా చెప్పాలి. "పోస్టు మేమే వద్దన్నాం" అంటే ఏ జడ్జి గారు నమ్ముతారు? మీ ఆయన ఏం పని చేస్తారు?

కాలర్: పోర్టులో కాంట్రాక్టరు కింద కలాసీ అండి. రోజు కూలీ. నేను ఇంట్లో బ్లౌజులు కుడతాను. మరి నా మిషను? టీవీ, ఫ్రిజ్ కూడా ఉన్నాయి. అవి మా పుట్టింటివాళ్ళు ఇచ్చినవండి.

న్యాయవాది: ఒక్కొక్కటి చూద్దాం. టీవీకి, ఫ్రిజ్‌కు 60వ సెక్షన్‌లో రక్షణ లేదు. మీ ఆయనవైతే తీసుకెళ్ళొచ్చు. కానీ అప్పు చేసింది ఆయన. మీరు ప్రోనోటు మీద సంతకం పెట్టారా?

కాలర్: లేదండి. నాకు తెలీదు కూడా, తర్వాత చెప్పారు.

న్యాయవాది: అయితే మీ సొంత వస్తువులు ఆయన అప్పుకు జప్తు కావు. మీ పుట్టింటివాళ్ళు పెట్టిన బంగారం కానీ, మీ డబ్బుతో కొన్న ఫ్రిజ్ కానీ, మిషను కానీ, అన్నీ మీవే. అయితే అవి మీవని ఎవరు చెప్పాలి? మీరే చెప్పాలి. కొన్న బిల్లు, వాయిదాల్లో కొంటే ఆ కార్డు, మీ ఖాతా నుంచి డబ్బు వెళ్ళినట్టు బ్యాంకు పాస్‌బుక్, ఏది ఉంటే అది తీసి పెట్టుకోండి. ఆర్డర్ 21, రూల్ 58 కింద డిక్రీ అమలు చేస్తున్న కోర్టులోనే క్లెయిమ్ పిటిషన్ వేయాలి. అదీ వేలానికి ముందే. వేలం అయిపోయాక వస్తే తీసుకోరు. కావాలని ఆలస్యం చేశారనిపించినా తీసుకోరు. ఇక కుట్టు మిషను. చేతిపని మీద బతికేవాళ్ళ పనిముట్లకు విడిగా రక్షణ ఉంది. ప్రోనోటు మీద మీ సంతకమే ఉన్నా, సొంతంగా కుట్టుకునే మిషనుకు ఆ రక్షణ అడగొచ్చు. అదే పది మిషన్లు పెట్టి జీతగాళ్ళతో కుట్టిస్తే అది వ్యాపారం, కోర్టు ఒప్పుకోవడం కష్టం.

కాలర్: సరేనండి. మరి తాళి తీసుకోరు కదండీ? రెండు తులాల గొలుసుకు ఉందండి.

న్యాయవాది: అమ్మా, ఆ గొలుసు మీది, అప్పు మీది కాదు. దాన్ని ముట్టుకోరు. ఒకవేళ మీరూ ప్రోనోటు మీద సంతకం పెట్టి ఉంటే, అప్పుడు కూడా తాళికి రక్షణ ఉంటుంది. గాజులకు, నెక్లెస్‌కు ఆ సెక్షన్ వర్తించదు. అందుకే భర్త అప్పు పత్రం మీద భార్య చేత సాక్షిగా సంతకం పెట్టించేటప్పుడు జాగ్రత్త. సాక్షి అని చెప్పి అప్పుదారు గడిలో పెట్టిస్తారు. ఎక్కడ పెడుతున్నారో చదివి పెట్టండి.

కాలర్: ఇల్లు, మా ఆయన పేరునే ఉందండి. రెండు గదుల రేకుల షెడ్డు. అది కూడా పోతుందా?

న్యాయవాది: ఇది అసలు సంగతి, బాగా వినండి. రైతు, కూలీ, ఇళ్ళలో పనిచేసేవాళ్ళు, ఈ ముగ్గురిలో ఎవరైనా ఉంటున్న సొంత ఇంటిని మామూలు డబ్బు డిక్రీకి జప్తు చేయడానికి వీల్లేదు. ఇల్లు, స్థలం, దాన్ని ఆనుకుని ఉన్న జాగా కూడా. కూలీ అంటే నైపుణ్యం ఉన్నవాడైనా లేనివాడైనా కూలీయే అని సెక్షన్ వివరణలోనే రాశారు. మీ ఆయన రోజు కూలీ డబ్బులకు కూడా జప్తు లేదు. కానీ ఆయన కూలీ అని కోర్టుకు ఎలా తెలుస్తుంది? కాంట్రాక్టరు ఇచ్చిన గేటు పాసు, హాజరు చీటీ, ఈఎస్ఐ కార్డు, పీఎఫ్ పుస్తకం తీసుకెళ్ళండి. ఆ ఇంట్లోనే ఉంటున్నారని కరెంటు బిల్లు, ఇంటి పన్ను రసీదు, రేషన్ కార్డు. ఇవన్నీ అఫిడవిట్‌కు జత చేసి, ఇది 60వ సెక్షన్ కింద జప్తు కాదని అభ్యంతరం వేయాలి. రక్షణ చట్టంలో ఉన్నంత మాత్రాన అమీను గారు వెతుక్కుని అమలు చేయరు. మీరు అడగాలి.

కాలర్: ఇంటి మీద ఏమైనా అప్పు ఉంటే?

న్యాయవాది: ఉందా?

కాలర్: లేదండి. పెడదామనుకున్నాం, ఇది తీర్చడానికి.

న్యాయవాది: వద్దమ్మా! ఈ మాట రోజూ చెబుతాను. తనఖా లేనంతకాలం మీ ఇంటికి రక్షణ ఉంది. సంతకం పెట్టి తాకట్టు పెట్టిన మరుక్షణం, ఆ అప్పు విషయంలో ఆ రక్షణ మీ చేతులారా పోగొట్టుకుంటారు. బ్యాంకుకు తనఖా పెట్టిన ఆస్తికి 2002 నాటి సర్ఫేసీ చట్టం వర్తిస్తుంది. జప్తు కాని ఆస్తులకు ఆ చట్టంలోనూ మినహాయింపు ఉంది కానీ, అదే అప్పుకు హామీగా పెట్టిన ఆస్తిని ఆ మినహాయింపు నుంచి తీసేశారు. బ్యాంకు 60 రోజుల నోటీసు ఇచ్చి స్వాధీనానికి వస్తుంది. అప్పుడు బ్యాంకు బాకీల కేసులు చూసే, విశాఖలోని డెట్ రికవరీ ట్రైబ్యునల్‌కు 45 రోజుల్లో వెళ్ళాలి. రెండు లక్షల ప్రోనోటు కోసం ఇల్లు తనఖా పెట్టకండి.

కాలర్: మా ఆయన్ని జైల్లో పెడతారంటున్నారు... తాళి సంగతి మాత్రం ఖాయమేనా అండి?

న్యాయవాది: ఖాయమేనమ్మా, నిశ్చింతగా ఉండండి. డబ్బు డిక్రీకి ఆడవాళ్ళను అరెస్టు చేయరు, అది 56వ సెక్షన్. మగవాళ్ళ విషయంలో కూడా, డబ్బు ఉండీ దురుద్దేశంతో కట్టని వాడికే జైలు. సుప్రీంకోర్టు 1980లోనే చెప్పింది, పేదరికం వల్ల కట్టలేకపోతే జైలు కుదరదని. కానీ ఎందుకు జైల్లో పెట్టకూడదో చెప్పమని షోకాజ్ నోటీసు వస్తే వెళ్ళి ఆ పేదరికం చూపించుకోవాలి. కాగితం వెనక్కి పంపకండి. రేపు ఉదయమే కేసు నంబరు కనుక్కోండి. జిల్లా కోర్టు ఆవరణలో న్యాయసేవాధికార సంస్థ ఉంది. ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్ళకు ఉచితంగా వకీలును ఇస్తారు. 15100కు ఫోన్ చేసినా సరే. అమీను గారు వస్తే తలుపు మూసేయకండి. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు ఆయన ఇంట్లోకి రాకూడదు. పగలు వస్తే వారెంటు చూపించమనండి, ఏ వస్తువు ఎవరిదో చెప్పి రాసుకోమనండి, జాబితా నకలు అడగండి. అడ్డుపడి తోసుకుంటే క్రిమినల్ కేసు అవుతుంది.

వ్యాఖ్యాత: ధన్యవాదాలమ్మా. భీమిలి నుంచి ఒకరు.

కాలర్: సార్, నేను టీచర్‌ని. తోటి ఉద్యోగికి హామీ సంతకం పెట్టాను. ఇప్పుడు నా జీతం జప్తు అంటున్నారు. ఎంత పోతుంది?

న్యాయవాది: హామీ సంతకం అంటే అప్పు చేసినట్టే సార్. ముందు అతని మీదికే వెళ్ళమని అడగలేరు. జీతంలో మొదటి 1,000 రూపాయలు, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు ముట్టుకోరు. 46,000 అనుకుంటే 1,000 పక్కన పెట్టండి, 45,000లో 30,000 మీకు, 15,000 జప్తుకు. ప్రభుత్వం నోటిఫై చేసిన అలవెన్సులను లెక్కలోంచి తీసేయాలి, జీతం బిల్లు పెట్టే మీ డ్రాయింగ్ ఆఫీసరు సరిగా తీశారో లేదో చూసుకోండి. ఒకే డిక్రీ కింద మొత్తం 24 నెలలు జప్తు జరిగితే ఆ డిక్రీకి ఇక మీ జీతం ముట్టుకోకూడదు. నెలలు లెక్కపెట్టుకుని మీరే మెమో వేయండి, ఆఫీసు ఆపదు.

కాలర్: మరి భార్య జీవనభృతి డిక్రీ...

న్యాయవాది: దానికి లెక్క వేరు. జీతంలో మూడో వంతే మీకు మిగులుతుంది.

వ్యాఖ్యాత: థాంక్యూ సార్. మధురవాడ.

కాలర్: సార్, ఆటో. ఫైనాన్స్ వాళ్ళు లాక్కుపోతామంటున్నారు. అది నా పనిముట్టే కదా?

న్యాయవాది: ఆటో ఆ ఫైనాన్స్‌కే తాకట్టులో ఉంది బాబూ, ఆర్సీ మీద రాసి ఉంటుంది. అక్కడ పనిముట్టు వాదన నిలవదు. ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఏజెంట్లు ఫోన్ చేయకూడదన్నది రిజర్వు బ్యాంకు నియమం. చేస్తే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్ళండి. వాయిదాలు మాత్రం ఆపకండి.

వ్యాఖ్యాత: ఉక్కునగరం నుంచి, క్లుప్తంగా సార్.

కాలర్: రిటైరయ్యాను. గ్రాట్యుటీ ఎఫ్‌డీ వేశాను. మా అబ్బాయి అప్పుకు హామీ ఉన్నాను. బ్యాంకులో పడ్డాక అది మామూలు డబ్బే అంటున్నారు.

న్యాయవాది: కాదు సార్. పింఛను, గ్రాట్యుటీ చేతికి అందాక కూడా ఆ స్వభావం పోదని సుప్రీంకోర్టు 2008లో తీర్పు ఇచ్చింది. ఆ డబ్బు ఏ ఖాతాలో పడింది, అక్కడి నుంచి ఏ ఎఫ్‌డీలోకి వెళ్ళిందో స్టేట్‌మెంటులో కనబడాలి. ఇల్లు అమ్మిన డబ్బుతో కలిపేయకండి, విడదీయలేరు. ఆ ఎఫ్‌డీ మీద లోను తీసుకుని ఉంటే ఆ బ్యాంకు దగ్గర ఈ రక్షణ ఉండదు.

వ్యాఖ్యాత: చివరి కాల్, పద్మనాభం.

కాలర్: నమస్కారం బాబూ. ఏటి సెయ్యాలండి, ఎడ్లు జత, నాగలి, ఇత్తనాలు పట్టుకుపోతారంట. ఇల్లు, రెండెకరాలు కూడా.

న్యాయవాది: వ్యవసాయం మీదే బతుకుతుంటే నాగలి, పనిముట్లు ముట్టుకోరు. ఎడ్లు, విత్తనాలు బతుకుదెరువుకు ఎంత అవసరమో కోర్టు తేలుస్తుంది, జతకు ఇబ్బంది ఉండదు. మీరుంటున్న ఇల్లు సరే. పొలానికి మాత్రం ఈ సెక్షన్‌లో రక్షణ లేదు తాతా. పొలం పాస్‌బుక్, అడంగల్ తీసుకుని వాయిదాకు తప్పకుండా వెళ్ళండి. "వేరే పని చేస్తాడు, వ్యవసాయం పేరుకే" అని అవతలివాళ్ళు అంటారు. కౌలు కాగితం, ఎరువుల రసీదు, పంట అమ్మిన చీటీ ఉంటే దానికి జవాబు. కాగితం వస్తే...

కాలర్: తీసుకోవాలి బాబూ, ఇన్నాను.

న్యాయవాది: అదీ. తీసుకుని ఏ రోజున వాయిదా ఉందో చదివించుకోండి.

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది. న్యాయవాది గారికి, ఫోన్ చేసిన అందరికీ ధన్యవాదాలు.