పిల్లాడి గురక

శ్రోతలకు నమస్కారం. మా పర్లాకిమిడి వైపు నుంచి కిడ్నీ మార్పిడికి విశాఖపట్నం వెళ్లొచ్చినవాళ్లు ఏం తినాలో, ఎన్ని నీళ్లు తాగాలో అన్నీ అడుగుతారు. మెడ గురించి ఎవరూ అడగరు. ఇవాళ ఆ మెడ గురించే మాట్లాడతాను.

మా వీధిలో ఒకావిడ తన పదేళ్ల కొడుక్కి కిడ్నీ ఇచ్చింది. పిల్లాడు కోలుకుని బడికి వెళ్తున్నాడు. ఏడో నెలలో గురక మొదలైంది. చలికాలం కదా, జలుబనుకున్నారు. మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ వేశారు. తగ్గలేదు. ఇంకో కోర్సు వేశారు. తగ్గలేదు. ఒకరాత్రి ఆవిడ పక్కన కూర్చుని వింటే, గురక మధ్యలో ఊపిరి ఆగి ఆగి అందుతోంది. తెల్లారాక నోరు తెరిపించి టార్చి వేసింది. టాన్సిళ్లు రెండూ ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. దవడ కింద గోలీ అంత బిళ్ల. "నొప్పి లేదన్నాడని ఊరుకున్నాను అన్నయ్యా" అంది నాతో.

మార్పిడి చేసిన ఆసుపత్రిలో ముక్క తీసి పరీక్షించారు. లింఫ్ కణాల జబ్బు, అంటే రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాలది, క్యాన్సర్ దారి పట్టేది.

దీని వెనక ఎక్కువగా ఎప్‌స్టీన్-బార్ అనే వైరస్ ఉంటుంది, 1964లో కనిపెట్టారు. మనలో చాలామంది ఒంట్లో అది ఊరికే పడి ఉంటుంది, లింఫ్ కణాల్లో ఒక రకమైన టి కణాలు కాపలా కాస్తాయి కాబట్టి. కొత్త కిడ్నీ నిలవడానికి వేసే ట్యాక్రోలిమస్ లాంటి మందులు ఆ కాపలానే తగ్గిస్తాయి. అప్పుడు వైరస్ ఉన్న బి కణాలు, అవి ఇంకో రకం లింఫ్ కణాలు, అదుపు తప్పి పెరగొచ్చు. టాన్సిళ్లు, మెడ బిళ్లలు వాటి ఇళ్లే. వైరస్ ఎన్నడూ సోకని పిల్లలకు పెద్దవాళ్ల అవయవంతో పాటు అదీ వస్తే ముప్పు ఎక్కువ. నా కిడ్నీయే చేసిందా అని ఆవిడ ఏడ్చింది. కాదమ్మా, నీ కిడ్నీ వల్లే వాడు బడికి వెళ్లాడు.

డాక్టర్లు మందుల మోతాదు తగ్గించారు, బి కణాలను చంపే రిటుక్సిమాబ్ అనే మందు ఎక్కించారు. గురక పోయింది. మోతాదు తగ్గించడం డాక్టర్ల పని, రక్తపరీక్షలు చూసుకుంటూ చేస్తారు. సొంతంగా మానేస్తే కిడ్నీయే పోతుంది.

అవయవ మార్పిడి అయినవాళ్ల ఇంట్లో ఒక్క పని చేయండి. స్నానం చేయించేటప్పుడు మెడ, దవడ కింద తడిమి చూడండి. బిళ్ల రెండు వారాలైనా తగ్గకపోయినా, కొత్తగా గురక వచ్చినా, మార్పిడి చేసిన ఆసుపత్రికి ఫోన్ చేయండి. ఊపిరి ఆగుతుంటే వెంటనే బయల్దేరండి. షాపులో మందు అడగొద్దు. క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు ట్యాక్రోలిమస్‌ను రక్తంలో బాగా పెంచేస్తాయి. ఏ డాక్టరు దగ్గర కూర్చున్నా మొదటి మాటగా "మావాడికి మార్పిడి అయింది" అని చెప్పండి.