రాణి గారి భర్త రాజు ఎందుకు కాడు?

2023 మే 6. లండన్‌లో వెస్ట్‌మిన్‌స్టర్ అబే. బ్రిటన్ రాజు చార్లెస్ పట్టాభిషేకం మా ఇంట్లో టీవీలో లైవ్ వస్తోంది. ముందు చార్లెస్ తలమీద కిరీటం పెట్టారు, కాసేపటికి ఆయన భార్య కెమిల్లాకీ పెట్టారు. అప్పుడు మా అమ్మ అడిగింది. "మొగుడు రాజైతే ఈవిడ రాణి అయింది, బాగానే ఉంది. మరి ఎలిజబెత్ గారి మొగుడు అన్నేళ్ళు పక్కనే ఉన్నాడు కదరా, ఆయన్ని రాజు అనలేదేం?"

ఆ రోజు నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఈ వీడియో ఆ ప్రశ్న కోసమే.

మన పేపర్లు ఇద్దరినీ రాణి అనే రాస్తాయి. కానీ చార్లెస్ తల్లి ఎలిజబెత్ ఏలిన రాణి, సింహాసనం ఆవిడది. కెమిల్లా రాజు గారి భార్య కాబట్టి రాణి. అక్కడ క్వీన్ కాన్సార్ట్ అంటారు, మన మాటలో పట్టపురాణి. ఆ హోదాలో గౌరవం ఉంటుంది, అధికారం ఉండదు. రాణి అన్న మాటకి ఇలా రెండు అర్థాలున్నాయి. రాజు అంటే మాత్రం అందరికీ ఒకటే అర్థం, ఏలేవాడు. రాణి భర్తని రాజు అంటే పెత్తనం ఆయన చేతికి పోతుందని అక్కడి వాళ్ళకి ఎప్పటి నుంచో భయం.

ఆ భయం ఊరికే పుట్టలేదు. 1554లో ఇంగ్లండ్‌ని ఏలుతున్న మేరీ రాణి స్పెయిన్ రాకుమారుడు ఫిలిప్‌ని పెళ్ళి చేసుకుంటే, ఆయన్ని రాజు అనాల్సి వచ్చింది. నాణేల మీద ఇద్దరి ముఖాలూ ఎదురెదురుగా ముద్రించారు. అయితే పార్లమెంటు గట్టి షరతులు పెట్టింది. 1558లో మేరీ చనిపోగానే ఇంగ్లండ్‌లో ఆయన రాజరికం కూడా పోయింది.

తర్వాతి కాలంలో ఏలిన విక్టోరియా రాణి తన భర్త ఆల్బర్ట్‌ని రాజుని చెయ్యాలని ఎంతో ఆశపడింది. మంత్రులు ఒప్పుకోలేదు. పెళ్ళి 1840లో అయితే, ప్రిన్స్ కాన్సార్ట్, అంటే ఏలే రాణి భర్త అన్న బిరుదు 1857లో తనే ఉత్తర్వు వేసి ఆయనకి ఇచ్చుకుంది. పదిహేడేళ్ళు! ఆ తర్వాత నాలుగేళ్ళకే, 42వ ఏట ఆల్బర్ట్ పోయారు.

ఇక మా అమ్మ అడిగిన ఫిలిప్. పుట్టుకతో గ్రీస్, డెన్మార్క్ రాకుమారుడు. ఆ బిరుదులు వదిలేసుకుని 1947లో ఎలిజబెత్‌ని పెళ్ళి చేసుకున్నారు. మామగారు ఆరో జార్జ్ ఆయన్ని డ్యూక్ ఆఫ్ ఎడిన్‌బరా చేశారు. భార్య సింహాసనం ఎక్కాక, ఇష్టంగా చేసుకుంటున్న నౌకాదళం ఉద్యోగానికి తిరిగి వెళ్ళలేకపోయారు. 1952లో వంశం పేరు విండ్సరే ఉంటుందని ప్రకటించారు, అంటే పిల్లలకి తండ్రి ఇంటిపేరు లేదు. సంతానానికి ఆయన ఇంటిపేరు మౌంట్‌బాటెన్ కలపడం 1960లో గానీ జరగలేదు.

1953 జూన్ 2 నాటి దృశ్యం చూడండి. ఎలిజబెత్ తలమీద కిరీటం, ఫిలిప్‌కి పట్టాభిషేకం లేదు. 31 ఏళ్ళ మనిషి మెట్లెక్కి వచ్చి, భార్య ముందు మోకాళ్ళ మీద కూర్చుని, తన చేతులు ఆవిడ చేతుల మధ్య పెట్టి, ప్రాణం దేహం మీకే విధేయం అని ప్రమాణం చేశారు. లేచి కిరీటాన్ని తాకి, ఆవిడ ఎడమ బుగ్గ మీద ముద్దు పెట్టారు. నేను ఆ ఫుటేజీ చూసిన ప్రతిసారీ అక్కడే ఆగిపోతాను. యునైటెడ్ కింగ్‌డమ్ ప్రిన్స్ అన్న హోదా ఆయనకి 1957లో వచ్చింది. ప్రిన్స్ కాన్సార్ట్ అన్న బిరుదు చివరిదాకా రాలేదు. 2021లో 99 ఏళ్ళ వయసులో పోయారు. నన్నడిగితే ఆ బిరుదు ఆయనకి ఇవ్వాల్సింది.

కెమిల్లా కథ ఇంకో దారి. 2005లో పెళ్ళప్పుడు, చార్లెస్ మొదటి భార్య డయానాని మర్చిపోలేని జనం ఏమనుకుంటారో అని, రేపు చార్లెస్ రాజైనా ఈవిడ ప్రిన్సెస్ కాన్సార్ట్‌గానే ఉంటుందని చెప్పారు. నిజానికి రాజు భార్య ఆనవాయితీ ప్రకారమే రాణి. 2022 ఫిబ్రవరిలో ఎలిజబెత్ స్వయంగా, కోడల్ని క్వీన్ కాన్సార్ట్ అని పిలవాలన్నది తన కోరిక అని రాశారు. మరుసటి ఏడాది పట్టాభిషేకం ఆహ్వానపత్రిక మీద "క్వీన్ కెమిల్లా" అనే వేశారు.

కోహినూర్ సంగతి కూడా చెప్పాలి. అది మన పల్నాడు కొల్లూరు గనిలో దొరికిందని చెప్పుకుంటాం. అక్కడ దాన్ని పొదిగిన కిరీటాలు పట్టపురాణులవే. 1902లో అలెగ్జాండ్రా, 1911లో ఐదో జార్జ్ భార్య మేరీ, 1937లో ఎలిజబెత్ రాణి తల్లి పెట్టుకున్నారు. 2023లో కెమిల్లా ఈ మేరీ రాణి కిరీటమే పెట్టుకున్నారు, కోహినూర్ లేకుండా. రాయి లండన్ టవర్‌లోనే ఉండిపోయింది. కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీళ్ళ కింద ఉంది.