అంబాసిడరా, ఫియటా? ఘాట్ రోడ్డు మీద తేలే లెక్క

అందరికీ నమస్కారం. పాత కార్ల వాళ్లు నలుగురు కూడితే ఈ గొడవ తప్పదు. ప్రీమియర్ పద్మిని అని బండి మీద రాసున్నా మన నోట అది ఫియటే కాబట్టి నేనూ అలాగే అంటాను.

ముందు ఇంజన్ల సంగతి. పాత అంబాసిడర్‌ది 1489 సీసీ, సుమారు 50 హార్స్‌పవర్. ఫియట్‌ది 1089 సీసీ, 40 దాకా ఉంటుంది. ఇంకేముంది, అంబాసిడరే గొప్ప అనేయకండి. అది 1,100 కిలోల పైచిలుకు బండి, ఇది 900కి కాస్త అటూఇటూ. టన్నుకు ఎన్ని హార్స్‌పవర్ అని భాగిస్తే రెండూ 45 దగ్గరే తేలతాయి!

అసలు తేడా ఆ బలం ఎప్పుడు అందుతుందన్న దగ్గర ఉంది. అంబాసిడర్ ఇంజన్ బోరు, అంటే సిలిండర్ వెడల్పు, 73 మిల్లీమీటర్లు; స్ట్రోకు, అంటే అందులో పిస్టన్ కదిలే దూరం, దాదాపు 89. స్ట్రోకు ఇంత పొడుగుంటే ఇంజన్ తక్కువ ఆర్‌పీఎంలో, అంటే నిమిషానికి తక్కువ చుట్లు తిరుగుతున్నప్పుడే, పుల్లింగ్ వస్తుంది. అయిదుగురు ఎక్కి, డిక్కీ నిండా సామాను పెట్టినా, తిరుమల ఘాట్‌లో రెండో గేరులో పడేస్తే చాలు, నింపాదిగా ఎక్కేస్తుంది. ఫియట్ బోరు 68, స్ట్రోకు 75. దానికి రెవ్వులు కావాలి, అంటే ఇంజన్ జోరుగా తిరుగుతుండాలి. యాక్సిలరేటర్ మీద కాలు కాస్త తేలిందా, స్టీరింగ్ పక్కనున్న గేరు లివర్‌కు మళ్లీ పని పడ్డట్టే.

దిగేటప్పుడు చూడాలి ఫియట్ సొగసు! ముందు కాయిల్ స్ప్రింగులు, చక్రాన్ని పట్టి ఉంచే విష్‌బోన్ చేతులు, తేలికైన ముక్కు. హెయిర్‌పిన్ మలుపులో స్టీరింగ్ తిప్పీ తిప్పగానే ముందు చక్రాలు మాట వింటాయి. చెన్నై దగ్గరి షోలవరం కారు రేసుల్లో మనవాళ్లు ఫియట్లకు పదును పెట్టి పరిగెత్తించింది ఊరికే కాదు. విచిత్రమేమిటంటే, కాగితం మీద మంచి స్టీరింగ్ అంబాసిడర్‌దే. దానిది పళ్ల చక్రం పళ్ల కడ్డీని నేరుగా జరిపే ర్యాక్ అండ్ పినియన్, ఫియట్‌ది మరచుట్టు మీద రోలర్ నడిచే వర్మ్ అండ్ రోలర్. అరిగిన కొద్దీ ఫియట్ స్టీరింగ్‌లో ఆట, అంటే వదులు, పెరుగుతుంది. అయినా టార్షన్ బార్ల (మెలితిరుగుతూ స్ప్రింగులా పనిచేసే కడ్డీల) మీద కూర్చున్న ఆ బరువైన ముక్కు వల్ల అంబాసిడర్ మలుపులో ఒరిగి, బయటి అంచు వైపు జారుకుంటూ పోతుంది. ముందే వేగం తగ్గించి తిప్పాలి, మధ్యలో తొందరపడితే వినదు.

గుంతల రోడ్డు మీద మాత్రం నా ఓటు అంబాసిడర్‌కే. వెనక రెండింటికీ కమాన్ పట్టీలే. కానీ ఖాళీ ఫియట్ వెనక భాగం మలుపులో గుంత తగిలితే ఎగిరి పక్కకు జరుగుతుంది. అంబాసిడర్ ఆ దెబ్బను దిగమింగుకుని పోతుంది.

1992లో వచ్చిన 1.8 లీటర్ల ఐసుజు ఇంజన్ అంబాసిడర్‌ను ఈ పోటీలోకి లాగకండి. దాని పికప్ వేరు, దాని లెక్కా వేరు. ఇంకొకటి, ఇప్పుడు చాలామంది వీటికి రేడియల్ టైర్లు వేయిస్తున్నారు. అప్పట్లో ఉన్నవి పొరలు ఏటవాలుగా అల్లిన పాతరకం బయాస్ టైర్లు, వాటికి మలుపులో పట్టు తక్కువ. మలుపులో పట్టు చూసి తీర్పు చెప్పేముందు ఆ బండికి ఏ టైర్లున్నాయో కిందికి వంగి చూడండి.

ఇక ప్రశ్నలు అడగండి. మైలేజీ ఒక్కటి తప్ప.