గీతలోంచి, గోడలోంచి పుట్టే పరిశోధన

(బెంగళూరు స్టూడియోలో జరిగిన తెలుగు చర్చా కార్యక్రమంలోని ఒక భాగం)

సమన్వయకర్త: 1993లో లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో ఆచార్యుడు క్రిస్టఫర్ ఫ్రేలింగ్ కళను గురించి, కళ కోసం, కళ ద్వారా జరిగే పరిశోధనలను వేరుచేసి చూపారు. ఈ మూడోది, అంటే గీస్తూ, కడుతూనే తెలుసుకునే పరిశోధన, భవన నిర్మాణంలో ఎలా ఉంటుంది మేడమ్?

ఆచార్యులు: దానికి దూరం పోనక్కర్లేదండీ. ఇదే నగరంలో, భారతీయ విజ్ఞాన సంస్థలో, 1974లో శాస్త్రవేత్త అమూల్య రెడ్డి గారి చొరవతో మొదలైన ‘అస్త్ర’ అనే కార్యక్రమం గ్రామాలకు తగిన సాంకేతికతను వెదుకుతూ మట్టి ఇటుకల మీద ఎంతో పని చేసింది. మట్టిలో కొద్దిగా సిమెంటు కలిపి, యంత్రంలో అదిమి, కాల్చకుండానే వాడే ఇటుక అది. మన ఎర్రమట్టికి సిమెంటు చాలు. తడిస్తే ఉబ్బి ఆరితే బీటలు తీసే నల్లరేగడికి సున్నం కావలసి వస్తుంది. ఇటుక బలాన్ని ప్రయోగశాల కొలిచి చెబుతుంది. అయితే ఆ ఇటుకతో కిటికీ మీద కమాను ఎలా తిప్పాలి, జడివాన గోడను కొట్టకుండా చూరు ఎంత ముందుకు దించాలి, మేస్త్రీ చేతికి ఏ కొలత ఇటుక అనువుగా ఉంటుంది అన్నవి గీసి, కట్టి, మళ్లీ గీస్తే తప్ప తేలవు.

ఆర్కిటెక్ట్: అలాగైతే మా ఆఫీసులో రోజూ జరిగేదీ పరిశోధనే కదా మేడమ్?

ఆచార్యులు: కాదండీ, ఈ విషయంలో నేను పట్టు సడలించను. ఏ ప్రశ్నతో మొదలుపెట్టారో, ఏ ప్లాన్‌ను ఎందుకు పక్కన పెట్టారో నమోదు చేయకపోతే మంచి భవనం మిగులుతుంది గాని, అనంతపురంలో మరొకరు తమ మట్టితో పరీక్షించి ఒప్పుకోవడానికో ఖండించడానికో వీలైన జ్ఞానం మిగలదు.

ఆర్కిటెక్ట్: నమోదు అవసరమే, కాదనను. కానీ అది వ్యాసంగానే ఉండాలా? మధ్యప్రదేశ్‌లోని ఇండోర్‌లో, తక్కువ ఆదాయం ఉన్నవారి కోసం వేసిన అరణ్య కాలనీలో ఆర్కిటెక్ట్ బి.వి. దోషి గారు 80 నమూనా ఇళ్లు కట్టి, పునాది, మరుగుదొడ్డితో ఇచ్చిన చిన్న స్థలాన్ని ఒక కుటుంబం తన స్తోమత కొద్దీ ఎన్ని రకాలుగా పెంచుకోవచ్చో చూపించారు. ఆ ఇళ్లే ఒక వాదన.

పరిశోధక విద్యార్థిని: సార్, ఆ వాదన నిలిచిందో లేదో తేల్చేది అక్కడివారు తర్వాత చేసుకున్న మార్పులే. వాటిని కొలిచి గీయడం కూడా పరిశోధనలో భాగమేనని నా నమ్మకం.

ఆచార్యులు: నిస్సందేహంగా. అందుకే డ్రాయింగులను, నమూనాలను సిద్ధాంత గ్రంథానికి అనుబంధాలుగా కాక ఆధారాలుగానే స్వీకరించాలని, పరీక్షకులు కట్టడం దగ్గరికి వెళ్లి చూశాకే ప్రశ్నలు అడగాలని నేను కోరుతున్నాను.