లైట్‌హౌస్ ఉంది, ఓడలేవీ? కళింగపట్నం కథ

అందరికీ నమస్కారం. వెనకాల హోరు వినిపిస్తోందా? మైక్ పాడవలేదు, అది సముద్రం. నేనిప్పుడు కళింగపట్నంలో ఉన్నాను. శ్రీకాకుళం జిల్లా, గార మండలం. వంశధార వచ్చి సముద్రంలో కలిసేది ఇక్కడే.

అదిగో, లైట్‌హౌస్. ఆదివారం వచ్చే జనమంతా దాని ముందు సెల్ఫీ దిగి, బజ్జీలు తిని వెళ్లిపోతారు. నేనూ చాలాసార్లు అదే చేశాను. ఓడ ఆగని ఊరికి ఈ దీపం ఎందుకని ఒక్కసారీ అనుకోలేదు.

ఒకప్పుడు ఇక్కడ ఓడలు ఆగేవి. ఇది రేవు పట్నం. అలాగని వైజాగ్ పోర్టులా గోడలూ క్రేన్లూ ఊహించుకోకండి. ఓడ ఒడ్డుదాకా వచ్చేది కాదు. దూరంగా లంగరు వేసుకుని నిలబడేది. సరుకైనా మనుషులైనా పడవల్లో అలలు దాటి దాని దగ్గరికి చేరాల్సిందే. అందుకు వాడినవి మసులా పడవలు. వాటి చెక్కలను మేకులతో బిగించరు, కొబ్బరి తాడుతో కుడతారు. అల వచ్చి కొడితే చెక్క విరగదు, కాస్త వంగుతుంది.

ఆ ఓడలెక్కి మనవాళ్లు వెళ్లింది ఎక్కువగా బర్మాలోని (ఇప్పటి మయన్మార్) రంగూన్‌కి. పాతకాలం వాళ్లు రంగూన్ అనరు, 'రంగం' అంటారు. "మా తాత రంగం వెళ్లాడు" అనే మాట ఉత్తరాంధ్రలో ఎన్ని ఇళ్లల్లో వినలేదు! వరి కోతలకి, బియ్యం మిల్లుల్లోకి, రేవులో మూటలు మొయ్యడానికి వెళ్లేవారు. 1941 డిసెంబరులో జపాన్ వాళ్లు రంగూన్ మీద బాంబులు వేశారు. ఓడ దొరికినవాళ్లు ఓడెక్కారు. దొరకనివాళ్లు అడవుల్లో పడి నడిచొచ్చారు. రానివాళ్లూ ఉన్నారు.

రేవు మాత్రం అంతకు ముందునుంచే నీరసపడుతోంది. 1890లలో రైలు మార్గం వేశారు, అది ఈ తీరానికి రాకుండా ఆమదాలవలస మీదుగా పోయింది. 1933లో విశాఖలో అసలైన హార్బర్ తెరిచారు. ఓడ నేరుగా గట్టుకే చేరుతుంటే, ఇక్కడ అలల్లో మూటలు తడుపుకునేదెవరు? చివరికి రేవు మూతపడింది.

ఈ ఊరి పాతదనం చూడాలంటే నదివెంట కొంచెం పైకి, శాలిహుండం వెళ్లండి. కొండమీద బౌద్ధ స్తూపాలు, కింద వంశధార. 1919లో ఆ చోటుని వెలుగులోకి తెచ్చింది మన గిడుగు రామమూర్తి పంతులుగారే. వాడుక భాష కోసం అంత పోరాడిన మనిషికి ఇటుకలు వెతికే తీరిక ఎక్కడిదో!

సరే, మళ్లీ ఒడ్డుకి వద్దాం. ఈ జిల్లా మత్స్యకారులు నేటికీ వలసపోతూనే ఉన్నారు. రంగం బదులు ఇప్పుడు గుజరాత్‌లోని వెరావల్. అక్కడ పెద్ద బోట్లున్నాయి, నెలల తరబడి పనుంటుంది. ఇక్కడేమో వేట నుంచి వచ్చిన ఫైబర్ బోటుని ఇసుకలోకి లాక్కోవాలి. 2018లో వెరావల్ నుంచి వేటకెళ్లిన మనవాళ్లు పాకిస్తాన్‌కి పట్టుబడ్డారు గుర్తుందా? అందులో ఎక్కువమంది శ్రీకాకుళం జిల్లావాళ్లే. 2020 జనవరిలో గానీ విడుదల మొదలవలేదు. అన్ని నెలలూ ఇక్కడి ఆడవాళ్లు ఎంత టెన్షన్ పడ్డారో!

2023లో సంతబొమ్మాళి మండలం మూలపేటలో కొత్త పోర్టుకి శంకుస్థాపన జరిగింది. పెద్ద ఓడల సంగతి అది చూసుకుంటుంది. చేపల బోటుకి కావాల్సింది మాత్రం దగ్గర్లో ఒక జెట్టీ, అంటే బోటు వచ్చి ఆగే గట్టు. నా గోల అదే.

మీ అటకమీద రంగం నుంచి తెచ్చిన టేకు పెట్టె గానీ, లక్క డబ్బా గానీ ఉంటే ఫోటో తీసి పంపండి. తెచ్చినవాళ్లు ఏ రేవులో ఓడెక్కారో ఇంట్లో పెద్దవాళ్లని అడిగి, అదీ రాయండి. కళింగపట్నమా, బారువా, భీమిలా? వచ్చే వీడియో వాటితోనే చేస్తాను.