సెకండ్స్‌లో పోర్షే కొనేటప్పుడు ఏ సంవత్సరం బండి తీసుకోవాలి?

అందరికీ నమస్కారం అండి. ఆదివారం పొద్దున్నే భీమిలి నుంచి, గాజువాక నుంచి, అటు అనకాపల్లి నుంచి కూడా వచ్చారు, చాలా సంతోషం. నన్ను మాట్లాడమన్నది ఒక్కటే విషయం, సెకండ్స్‌లో స్పోర్ట్స్ కారు కొనాలంటే ఏ సంవత్సరం మోడల్ తీసుకోవాలి అని. అన్ని కంపెనీల గురించీ మొదలుపెడితే సాయంత్రం అయిపోద్ది, అందుకని ఒక్క బండినే పట్టుకుంటాను, పోర్షే బాక్స్‌టర్, దాని తమ్ముడు కేమన్. బాక్స్‌టర్‌కి టాప్ తెరుచుకుంటుంది, కేమన్‌కి గట్టి రూఫ్ ఉంటుంది, మిగతాదంతా దాదాపు ఒకటే, రెండింటికీ ఇంజన్ సీట్ల వెనకాలే ఉంటుంది. ఈ బండినే ఎందుకు తీసుకున్నానంటే, బయట నుంచి చూస్తే ఒకేలా కనపడుతుంది గానీ ఒక్క ఏడాది తేడాలో లోపల ఇంజన్ మొత్తం మారిపోయింది, ఆ తేడా తెలియకుండా కొన్నోడికి జరిగే నష్టం చాలా పెద్దది.

మనవాళ్ళు బండి చూడ్డానికి వెళ్తే ముందు అడిగేవి మూడే, ఏ సంవత్సరం, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, చివరికి ఎంతకిస్తారు. స్విఫ్ట్‌కో ఐ20కో అయితే ఆ మూడూ సరిపోతాయి. పోర్షేకి మాత్రం ఆర్‌సీ చేతిలోకి తీసుకుని క్యూబిక్ కెపాసిటీ అని ఉన్నచోట ఏ నంబరుందో చదవండి అంటాను, ఎందుకో కొంచెం వివరంగా చెప్తాను, ఓపిగ్గా వినండి.

బాక్స్‌టర్ మొదటిది 1996లో వచ్చింది, దాన్ని 986 అంటారు. తర్వాత 2005 మోడల్‌తో 987 వచ్చింది, ఆ వెంటనే 2005 ఆఖర్లో కేమన్ ఎస్ వచ్చింది, ఎస్ అంటే పెద్ద ఇంజన్ వేసిన మోడల్. ఈ 987నే 2009 మోడల్‌కి లోపలంతా మార్చారు, అందుకే మాట్లాడుకునేటప్పుడు ముందుదాన్ని 987.1 అనీ తర్వాతదాన్ని 987.2 అనీ అంటారు. షేపు అదే, డోర్లు అవే, వెనక లైట్లు, ముందు బంపరు మారాయి, ఫొటోలో చూసి చాలామంది ఏదో చిన్న ఫేస్‌లిఫ్ట్ అనుకుంటారు. అది ఫేస్‌లిఫ్ట్ కాదండి, వేరే ఇంజన్, వేరే గేర్‌బాక్స్.

పాత ఇంజన్లలో, అంటే 986లోనూ 987.1లోనూ, క్రాంక్ నుంచి క్యామ్‌షాఫ్ట్‌లకి చైన్లతో కదలిక అందించే షాఫ్ట్ ఒకటి మధ్యలో ఉంటుంది, ఇంటర్మీడియట్ షాఫ్ట్, పొట్టిగా ఐఎంఎస్ అంటారు. దాని చివర ఒక బాల్ బేరింగ్ ఉంది, అది లోపల గ్రీజు పెట్టి సీల్ వేసేసిన బేరింగ్. ఏళ్ళు గడిచే కొద్దీ సీల్ వదులై గ్రీజు పోతుంది, పాత ఆయిల్ కొంచెం లోపలికి చేరి అక్కడే నిలవుంటుంది, కొత్త ఆయిల్ సరిగ్గా అందదు. బేరింగ్ అరిగి అరిగి విరిగిందంటే టైమింగ్ తప్పి వాల్వులు వెళ్ళి పిస్టన్లకి తగులుతాయి, ఇక ఆ ఇంజన్ పోయినట్టే. దీనిలో ఎక్కువ ఇబ్బంది పెట్టింది 2000 నుంచి 2005 దాకా వేసిన ఒంటి వరస బేరింగ్, అమెరికాలో 2001 నుంచి 2005 మోడళ్ళ ఓనర్లు కలిసి కోర్టుకెళ్ళి కంపెనీతో సెటిల్మెంట్ కూడా చేసుకున్నారు. 2006 నుంచి పెద్ద బేరింగ్ వేశారు, అది చాలా నయం, కాకపోతే ఇంజన్ రెండు ముక్కలుగా విప్పితే తప్ప దాన్ని మార్చడం కుదరదు. 2005 బాక్స్‌టర్ మాత్రం మధ్యలో పడిపోయింది, కొన్నింట్లో చిన్నది కొన్నింట్లో పెద్దది, క్లచ్ పనికి గేర్‌బాక్స్ దింపినప్పుడు చూస్తే గానీ తెలీదు. అందుకే 2005 బండి ఎంత తక్కువకి వస్తున్నా నేను ఎవరికీ చెప్పను.

బేరింగ్ సంగతి చాలామంది విన్నదే, విననిది ఇంకోటుంది, సిలిండర్ గోడలకి గీతలు పడటం, బోర్ స్కోరింగ్ అంటారు. 987.1లో ఎస్ మోడల్‌కి వేసిన 3.4 లీటర్ల ఇంజన్‌కి ఇది ఎక్కువ. చలి దేశాల్లో ఇంకా ఎక్కువంటారు, మన వైజాగ్‌లో చలికాలం అంటే స్వెట్టర్ కూడా తియ్యం కాబట్టి ఆ రకంగా కొంత నయమే, అలాగని పూర్తిగా వదిలేయడానికి లేదు. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే టక్ టక్ మని సౌండ్ రావడం, అది వేడెక్కినా పోకపోవడం, ఆయిల్ గట్టిగా తాగడం, ఇవి దాని గుర్తులు. నిజం తేలాలంటే మాత్రం బోర్‌స్కోప్ కెమెరా లోపలికి పంపించి ఆరు సిలిండర్లూ చూడాల్సిందే. అమ్మేవాడు కెమెరా వద్దన్నాడంటే అక్కడితో నమస్కారం పెట్టి వచ్చేయండి, ఇంకో బండి దొరుకుద్ది.

ఇప్పుడు ఆర్‌సీకి వద్దాం, 987 బళ్ళ వరకే చెప్తున్నాను. అక్కడ 2687 సీసీ అని ఉంటే అది 2.7, 987.1లో మామూలు మోడల్. 3179 అంటే 2005, 2006 బాక్స్‌టర్ ఎస్. 3387 అంటే నేనిందాక చెప్పిన పాత 3.4. 2893 అని కనపడితే అది 987.2లో 2.9 ఇంజన్, 3436 అని ఉంటే 987.2 ఎస్, కొత్త 3.4. ఈ చివరి రెండింట్లో ఇంటర్మీడియట్ షాఫ్టే లేదు, తీసేశారు, సిలిండర్ బ్లాక్ మెటల్ కూడా మార్చారు. 3387కీ 3436కీ నంబర్లో తేడా 49, ప్రకటనల్లో రెండింటికీ "3.4 ఎస్" అనే రాస్తారు, బ్రోకర్‌కి కూడా చాలాసార్లు తెలీదు. సంవత్సరం ఒక్కటే నమ్ముకుంటే ఎక్కడ దెబ్బంటే, 2008లో తయారై స్టాకులో ఉండిపోయి 2009లోనో 2010లోనో రిజిస్ట్రేషన్ అయిన బండిని "2010 మోడల్ సార్" అని అమ్ముతారు, అది అబద్ధం కూడా కాదు వాళ్ళ లెక్కలో. ఆర్‌సీలో తయారీ నెల, రిజిస్ట్రేషన్ తేదీ వేరువేరుగా ఉంటాయి, రెండూ చూడండి, తర్వాత సీసీ చూడండి, సీసీ అబద్ధం చెప్పదు.

గేర్‌బాక్స్ కూడా అదే 2009 మోడల్ దగ్గర మారింది. 987.1లో ఆటోమేటిక్ కావాలంటే 5 గేర్ల టిప్‌ట్రానిక్, పాత రకం, నొక్కితే ఆలోచించుకుని కదులుతుంది. 987.2లో 7 గేర్ల పీడీకే, రెండు క్లచ్‌లది, ఈ రెండింటికీ పోలికే లేదు. బీచ్ రోడ్ ట్రాఫిక్‌లో రోజూ నడుపుతాం అనేవాళ్ళకి పీడీకే సుఖం, కాకపోతే అది పాడైతే బిల్లు మామూలుగా ఉండదు, దాని ఆయిల్ టైముకి మార్చినట్టు కాగితం ఉండాలి. అరకు ఘాట్ కోసమే కొనుక్కుంటున్నాం అంటే మాన్యువల్ తీసుకోండి, నా మనసు మాన్యువల్ వైపే, ఇది నా ఇష్టం మాత్రమే.

మరి నేనైతే ఏది కొనమంటాను? 2893. అవునండి, ఎస్ కూడా కాదు, మామూలు 2.9. బాక్స్‌టర్‌లో 255 హార్స్‌పవర్, కేమన్‌లో 265, అంతకంటే పవర్ రుషికొండ రోడ్డు మీద ఎక్కడ వాడతారు చెప్పండి. పైగా 3436 ఇంజన్‌లో పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకి కొడుతుంది, డైరెక్ట్ ఇంజెక్షన్, దానివల్ల ఇన్‌టేక్ వాల్వుల వెనక కార్బన్ పేరుకుంటుంది, హై ప్రెషర్ పంపు ఒకటి అదనం. 2.9లో పాత పద్ధతిలో పోర్ట్ ఇంజెక్షనే ఉంచారు, ఆ బాధ లేదు. అదే డబ్బుకి 2007 కేమన్ ఎస్, 3387, 295 హార్స్‌పవర్ వస్తుంది, కాగితం మీద అదే పెద్ద బండి, చాలామంది దానికే టెంప్ట్ అవుతారు. వద్దు అంటాను నేను. బడ్జెట్ అస్సలు సరిపోకపోతే 2007, 2008 లో వచ్చిన 2687 మాన్యువల్ చూడండి, పెద్ద బేరింగ్ ఉంటుంది, గీతల సమస్య కూడా 3.4 అంత ఉండదు, సర్వీస్ హిస్టరీ పూర్తిగా ఉంటే మంచి బండే.

కిలోమీటర్ల గురించి ఒక మాట. ఏడెనిమిది వేలే తిరిగింది, గ్యారేజ్‌లోనే ఉంది అని గొప్పగా చెప్తారు. 987.1కి అది గొప్ప కాదు, ఆ బేరింగ్‌కి తిరగడమే మంచిది, నిలబెట్టేసి ఆయిల్ ఏళ్ళ తరబడి మార్చని బండి కంటే 60 వేలు తిరిగి ప్రతి ఏడాదీ ఆయిల్ మార్చిన బండి నయం. ఇంకో విషయం, పోర్షే డయాగ్నస్టిక్ మెషిన్ పెడితే ఇంజన్ ఎన్ని గంటలు నడిచిందో వస్తుంది. మీటర్ మీద 20 వేలు ఉంది, ఇంజన్ గంటలు 1,200 అని వచ్చిందనుకోండి, గంటకి సగటున 17 కిలోమీటర్లు పడింది, ఎంత ట్రాఫిక్‌లో తిరిగినా అంత తక్కువంటే మీటర్ మీద అనుమానం రావాలి. అదే రిపోర్ట్‌లో ఇంజన్‌ని లిమిట్ దాటించి ఎన్నిసార్లు తిప్పారో కూడా ఉంటుంది, మాన్యువల్ బండికి అది తప్పకుండా చూడాలి, తప్పు గేర్ వేసి క్లచ్ వదిలితే అక్కడ రికార్డ్ అయిపోతుంది.

ఇక మన ఊరి సంగతి. ఈ బండికి రేడియేటర్లు, ఏసీ కండెన్సర్లు ముందు బంపర్ రెండు మూలల్లో ఉంటాయి, కంపెనీ వాటికి జాలీ పెట్టలేదు. ఆకులు, చెత్త అంతా లోపలికి పోయి కుళ్ళుతుంది, దానికి మన ఉప్పుగాలి, తేమ తోడైతే కండెన్సర్ తుప్పు పట్టి గ్యాస్ లీక్ అవుతుంది. ఎంవీపీలోనో బీచ్ ఎదురుగానో బయట పార్క్ చేసిన బండి అయితే బంపర్ ఊడదీసి చూపించమనండి, గట్టిగా పట్టుబట్టండి. బాక్స్‌టర్‌కైతే టాప్ నీళ్ళు పోయే గొట్టాలు మూసుకుపోతాయి, మన వానలకి నీళ్ళు క్యాబిన్‌లోకి దిగుతాయి, సీటు కింద అలారం, తాళానికి సంబంధించిన కంట్రోల్ యూనిట్ ఉంటుంది, అది తడిస్తే బండి స్టార్ట్ కాదు. సీటు కింద కార్పెట్ చేత్తో నొక్కి చూడండి, తడి తగిలినా వాసన వచ్చినా వెనక్కి తగ్గండి.

2014 అక్టోబర్ 12 ఇక్కడున్నవాళ్ళెవరూ మర్చిపోరు. హుద్‌హుద్‌కి చెట్లు పడి, రేకులు ఎగిరొచ్చి ఎన్ని బళ్ళు నలిగాయో మనందరం చూశాం. అప్పటికి ఏపీ31 నంబర్‌తో ఇక్కడే ఉన్న బండి అంటే అద్దాల మీద ముద్రలు చూడండి, అన్నీ ఒకే కాలానివి కాకపోతే అద్దం మార్చారని, పెయింట్ మందం కొలిచే మీటర్ పెట్టి రూఫ్, బానెట్ చూడండి. బయట ఊళ్ళ బళ్ళకి వరదలు, చెన్నై 2015 డిసెంబర్, హైదరాబాద్ 2020 అక్టోబర్, మొన్న 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ, ఆ టైములో ఈ బండి ఎక్కడుంది, ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఉందా అని అడగాలి. సంవత్సరం అంటే తయారైన సంవత్సరం ఒక్కటే కాదు, ఏ సంవత్సరంలో ఏ ఊళ్ళో ఉందో కూడా లెక్కే.

కాగితాల ఖర్చులో కూడా మోడల్ సంవత్సరం తగులుతుంది. 15 ఏళ్ళు దాటితే ఫిట్‌నెస్ చేయించి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి, అది 5 ఏళ్ళకి ఇస్తారు. మామూలు కారుకి 5,000 ఫీజు అయితే దిగుమతి కారుకి 40,000, ఇది 2022 నుంచి ఉంది, 2025లో 20 ఏళ్ళు దాటినవాటికి దిగుమతి కారైతే 80,000 చేశారు. అంటే 2005 బండి ఇప్పటికే ఆ 80,000 లెక్కలోకి వచ్చేసింది, 2010 బండికి ఇంకా టైముంది. ఢిల్లీ వైపు 15 ఏళ్ళు దాటిన పెట్రోల్ బళ్ళ మీద ఆంక్షల భయంతో చవగ్గా అమ్మేస్తారు, తెచ్చుకోవచ్చు, కానీ ఎన్‌ఓసీ, ఇక్కడ మళ్ళీ లైఫ్ ట్యాక్స్, రెన్యువల్ అన్నీ కలిపి లెక్క వేసుకున్నాకే చవకో కాదో చెప్పండి. ప్రైవేటుగా దిగుమతి చేసిందైతే కస్టమ్స్ బిల్ ఆఫ్ ఎంట్రీ ఒరిజినల్ చూడకుండా అడ్వాన్స్ కూడా ఇవ్వొద్దు.

పెట్రోల్ సంగతి కూడా అడిగారు ఒకరు. 2023 ఏప్రిల్ నుంచి తయారైనవే ఈ20కి, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్‌కి తగ్గట్టు చేసినవి, మనం మాట్లాడుకునే బళ్ళన్నీ అంతకు ముందువి. పాత రబ్బర్ ఫ్యూయల్ హోసులు చెక్ చేయించి మార్పించేయండి, ట్యాంకులో పెట్రోల్ నెలల తరబడి ఉంచొద్దు, ఇథనాల్ గాల్లో తేమ లాక్కుంటుంది, మన ఊళ్ళో తేమకి కొదవలేదు కదా.

కొత్తవాటి గురించి రెండు ముక్కలు. 2012లో వచ్చిన 981 అందంగా ఉంటుంది, ఇంజన్ మంచిదే, స్టీరింగ్ ఎలక్ట్రిక్ అయింది, 987 స్టీరింగ్ పట్టుకున్నవాళ్ళకి ఆ తేడా చేతికి తెలుస్తుంది. బడ్జెట్ ఉంటే 981 తీసుకోండి, నా అభ్యంతరం ఏమీ లేదు. 2016లో 718 అయ్యాక 4 సిలిండర్ల టర్బో వేశారు, స్పీడ్ ఎక్కువ, సౌండ్ మాత్రం నాకు నచ్చదు, 6 సిలిండర్ల సౌండ్ కోసం ఈ బండి కొనేవాళ్ళకి 2020లో వచ్చిన జీటీఎస్ 4.0 ఉంది, అది వేరే బడ్జెట్.

చూడ్డానికి వెళ్ళేరోజు అమ్మేవాడికి ముందే చెప్పండి, నేను వచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దు అని. ఇంజన్ వెనకుంది కాబట్టి వెనక సైలెన్సర్ గొట్టం దగ్గర చెయ్యి పెట్టి చూడండి, వేడి తగిలితే ఆ రోజుకి వద్దు, ఇంకో రోజు వస్తాం అనండి. తర్వాత సింహాచలం కొండెక్కించి దింపండి, గేర్లు, బ్రేకులు, టెంపరేచర్ అన్నీ అక్కడే తెలుస్తాయి. టైర్ మీద నాలుగు అంకెలు చూడండి, మొదటి రెండు వారం, తర్వాత రెండు సంవత్సరం, గీతలు బాగున్నా 6 ఏళ్ళు దాటితే నాలుగు టైర్ల డబ్బు రేటులోంచి తగ్గించమనండి.

మీలో కొంతమంది చూసిన బళ్ళ ఆర్‌సీ ఫొటోలు ఫోన్లో పెట్టుకుని వచ్చారని తెలుసు. టీ తాగుతూ ఒక్కొక్కటీ చూద్దాం, ముందు 3387 ఎవరి దగ్గరుందో వాళ్ళు రండి.